అద్దె సైకిల్ మీద వచ్చిన ఒలింపియన్: తులసీదాస్ బలరాం

సావనీరుకు ఏదైనా రాసివ్వమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, "బడి జ్ఞాపకాలు అందరూ రాస్తారు, నేను కాస్త చరిత్ర రాస్తాను" అన్నాను. రాజుల చరిత్ర కాదు, ఒక ఫుట్‌బాల్ ఆటగాడి చరిత్ర అనేసరికి ఒక మిత్రుడు నవ్వాడు. ముదినేపల్లికీ ఫుట్‌బాల్‌కూ ఏం సంబంధం అన్నాడు. సంబంధం ఉంది. ముందు అది చెప్పి అసలు కథలోకి వెళ్తాను.

మన బడిలో ఆటలంటే కబడ్డీ, వాలీబాల్, ఖోఖో. ఫుట్‌బాల్ మనకు వానాకాలపు ఆట. కొల్లేటి దిగువ నేల, నల్ల రేగడి. నాలుగు వానలు పడితే వాలీబాల్ నెట్టు కట్టే గుంజ కూడా నిలిచేది కాదు. అప్పుడు డ్రిల్లు మాస్టారు స్టోరు గదిలోంచి తోలు బంతి తీయించేవారు. నీళ్లు పీల్చి అది పనసకాయంత బరువెక్కేది. కాళ్లకు బూట్లు ఎవరికి ఉన్నాయి గనక! మోకాళ్ల దాకా బురదతో ఇంటికెళ్లి అమ్మ చేత తిట్లు తినేవాళ్లం.

మా తరగతిలో ఒక కుర్రాడికి ఎడమకాలు అద్భుతంగా ఆడేది. ఆ బురదలో కూడా బంతి వాడి కాలు వదిలేది కాదు. ఒక ఏడాది గ్రిగ్స్ పోటీలకు ఆటగాళ్లను ఎంపిక చేయడానికి గుడివాడ రమ్మన్నారు. మేం ఆరుగురం వెళ్లాం. వాడు రాలేదు. జ్వరమన్నాడు. బస్సు చార్జీకి ఇంట్లో డబ్బుల్లేవని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఆ రోజు నా జేబులో అదనంగా రూపాయి ఉంది. అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణే. కానీ వాడు అడగలేదు, నాకు కనుక్కోవాలని తోచలేదు.

బలరాం కథ చదివినప్పుడల్లా నాకు ఆ రూపాయి గుర్తొస్తుంది.

పాత బూట్లు, అద్దె సైకిల్

తులసీదాస్ బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టారు. తల్లిదండ్రులు తమిళులు, బీదవాళ్లు. చుట్టూ కంటోన్మెంటు, ఎటు చూసినా సైనికులు బంతి ఆడే మైదానాలు. చదువుకుని ఉద్యోగం చేయాలని తల్లి కోరిక. కొడుకు ధ్యాసంతా బంతి మీద. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత బాగు చేయించుకుని ఆడానని ఆయన తరువాతి కాలంలో చెప్పుకునేవారు.

హైదరాబాద్ లీగ్‌లో రైడర్స్ క్లబ్‌కు ఆడుతున్న రోజుల్లో ఈ కుర్రాడి మీద సయ్యద్ అబ్దుల్ రహీం కన్ను పడింది. రాష్ట్ర జట్టు సాధనకు రమ్మన్నారు. అమ్ముగూడ ఊరికి ఒక కొస, ఫతే మైదాన్ ఇంకో కొస. రోజూ వచ్చిపోయే ఖర్చు ఎక్కడిది? సంగతి తెలుసుకున్న రహీం, సైకిల్ అద్దెకు తీసుకోమని చెప్పి ఆ అద్దె తానే ఇచ్చారట. నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైన ఘట్టం ఇదే. ప్రతిభ ఉన్నదని గుర్తించినవాళ్లు చాలామంది ఉంటారు. వాడు మైదానానికి ఎలా వస్తాడు అని ఆలోచించినవాళ్లు తక్కువ.

బడిపంతులు రహీం

రహీం మొదట బడిపంతులు. ఉస్మానియాలో బి.ఏ. చదివి కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. అంటే మన భాషలో డ్రిల్లు మాస్టారు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు శిక్షణ కూడా ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మన జట్టు స్వర్ణం తెచ్చింది.

ఆయన నేర్పే తీరు కూడా పంతులు తీరే. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపేవారు. ఎడంచేత్తో రాయమని పలక ఇచ్చినట్టన్నమాట. ఒక్కడే బంతి పట్టుకుని పరుగెత్తడం కంటే వెంటనే తోటివాడికి అందించడం ముఖ్యమని చెప్పేవారు. 4-2-4 వరుసను మన దేశంలో వాడినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు. ఈ మధ్య 2024లో వచ్చిన 'మైదాన్' అనే హిందీ సినిమా ఆయన కథే.

ఆనాటి పరిస్థితి కాస్త చెప్పుకోవాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడారు. బూట్లు లేకుండా ఆడే అలవాటు చాలామందికి అప్పటికింకా పోలేదు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి చేశారు. ఇంకో చిక్కు కూడా ఉంది. మన దేశంలో అప్పుడు మ్యాచి 70 నిమిషాలే. విదేశాలకు వెళ్తే 90 నిమిషాలు ఆడాలి. చివరి ఇరవై నిమిషాలు కాళ్లు లేచేవి కావు. ఇన్ని లోటుల మధ్య ఆ తరం ఏం సాధించిందో చూడాలి.

మెల్‌బోర్న్ నుంచి రోమ్ దాకా

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఇరవయ్యేళ్ల బలరాం ఉన్నారు. ఆయనతో పాటు అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, సలాం, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మన జట్టు సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంతదాకా వెళ్లిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురైంది. మొదటి గోలు మనదే. చివరికి 1-4తో ఓడాం. నాలుగేళ్ల కిందటి పది గోళ్లతో పోల్చి చూస్తే ఆ పంతులు చేసిన పని అర్థమవుతుంది. మూడో స్థానం మ్యాచిలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చారు.

1956-57లోనూ, 1957-58లోనూ సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. ఇక అక్కడి నుంచి బలరాం జీవితం కలకత్తాకు మారింది. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరారు. ఆనాటి ఆటగాళ్లు కాగితం మీద ఔత్సాహికులే. ఇప్పటిలా కోట్ల ఒప్పందాలు లేవు. రైల్వేలోనో, పోలీసులోనో, పోర్టులోనో ఉద్యోగం ఉంటే అదే జీవనాధారం. కాకపోతే కలకత్తా మైదానంలో ఆటగాడికి దొరికే ఆదరణ దేశంలో ఇంకెక్కడా లేదు. అందుకే హైదరాబాద్ నుంచి ఒకరి తరువాత ఒకరు అటే వెళ్లారు.

ముందువరసలో ఎడమవైపు బలరాం చోటు. ఎటు తిరుగుతాడో పక్కవాడికి కూడా అంతుపట్టని ఆట ఆయనది. తాను గోలు వేయడం ఎంత తెలుసో, ఇంకొకరి చేత వేయించడం అంత తెలుసు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురినీ కలిపి త్రిమూర్తులనేవారు. ముగ్గురిలో పెద్ద గొంతులేనివాడు మనవాడే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనది గట్టి గ్రూపు: హంగేరీ, ఫ్రాన్స్, పెరూ. హంగేరీతో 1-2 తేడాతో ఓడాం. మన ఒక్క గోలూ బలరాందే. ఆ హంగేరీ జట్టులో ఆడిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ తరువాత 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ జట్టు ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. అలాంటి జట్టును మనవాళ్లు చివరిదాకా ఊపిరాడనివ్వలేదు. ఫ్రాన్స్‌తో 1-1తో సమం, ఆ గోలు పి.కె.ది. పెరూతో 1-3 ఓటమి, ఆ గోలూ బలరాందే. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ఆడడం అదే ఆఖరు. ఆ ఆఖరి ఒలింపిక్స్‌లో మనం వేసినవి మూడు గోళ్లు. అందులో రెండు అమ్ముగూడ కుర్రాడివి.

1961లో ఈస్ట్ బెంగాల్‌కు బలరాం కెప్టెన్. 1952 తరువాత ఆ క్లబ్ మళ్లీ కలకత్తా లీగ్ గెలిచింది ఆ ఏడాదే. లీగ్‌లో అత్యధిక గోళ్లూ ఆయనవే, 23. ఐ.ఎఫ్.ఏ. షీల్డును మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. ఆ మరుసటి ఏడు రోవర్స్ కప్పు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌కు ఎదురైంది ఎవరనుకున్నారు? మన ఆంధ్రా పోలీస్. ఎవరూ ఓడలేదు. కప్పు రెండు జట్లకూ కలిపి ఇచ్చారు.

జకార్తా

1962 ఆసియా క్రీడలు ఆ తరానికి శిఖరం. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను పిలవకపోవడం మీద మన దేశానికి చెందిన ఒక క్రీడాధికారి విమర్శ చేయడంతో ఇండోనేషియా జనం మన మీద మండిపడ్డారు. స్టేడియంలో మనవాళ్లు అడుగుపెడితే ఈలలు, కేకలు. మొదటి మ్యాచిలోనే దక్షిణ కొరియాతో 0-2తో ఓడాం. తరువాత థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచాం. ఆ మ్యాచిలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో ఓడించాం, అందులో ఒక గోలు బలరాంది. సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటాం.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా, చుట్టూ లక్షమంది వ్యతిరేకులు. ఆ రోజు మనవాళ్లకు చప్పట్లు కొట్టింది పాకిస్థాన్ హాకీ ఆటగాళ్లేనని చెబుతారు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. కుట్లు పడ్డ తలతోనే జర్నైల్ సింగ్‌ను ముందువరసకు మార్చి ఆడించారు. జ్వరం నుంచి లేచిన హైదరాబాద్ బిడ్డ పీటర్ తంగరాజ్ గోలు కాశాడు. పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి వేశారు. చివర్లో కొరియా ఒకటి వేసింది. 2-1. స్వర్ణం మనది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఇంకో స్వర్ణం లేదు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు.

ఆట ఆగిన తరువాత

1962కు గాను బలరాంకు అర్జున అవార్డు వచ్చింది. 1963లో బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు మారారు. అంతలో ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ముప్పయ్యేళ్లు నిండకుండానే బూట్లు విప్పేయాల్సి వచ్చింది. చదువు చెప్పిన గురువూ, ఊపిరీ ఒకే ఏడాది దూరమయ్యారన్నమాట.

తరువాత అరవై ఏళ్లు బతికారు. పెళ్లి చేసుకోలేదు. కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఒంటరిగా ఉన్నారు. తోటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఈయనకు రాలేదు. ఆ బాధ ఆయన దాచుకోలేదు. పి.కె., చునీ ఇద్దరూ 2020లో వెళ్లిపోయారు. బలరాం 2023 ఫిబ్రవరి 16న వెళ్లిపోయారు. మరునాటి పేపర్లో ఆ వార్త కోసం నేను పేజీలు తిప్పాల్సి వచ్చింది.

ఆయన తరువాత కూడా హైదరాబాద్ నుంచి నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ వంటివాళ్లు వచ్చారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత ఆ కప్పు మన ఇంటికి రాలేదు. పిల్లలు పుట్టడం ఆగిపోయిందా? ప్రతిభ ఆగిపోయిందా? నాకు అలా అనిపించదు. బడి ఆటలు వెనకబడ్డాయి. మైదానాలు చిన్నవయ్యాయి. అద్దె సైకిల్ ఇచ్చే రహీంలు తగ్గారు.

మన మైదానం

ఈ స్వర్ణోత్సవానికి మన సంఘం దగ్గర కొంత నిధి చేరింది. ద్వారం కట్టిద్దామని కొందరు, వేదిక కట్టిద్దామని కొందరు అంటున్నారు. రెండూ మంచివే. నాది ఒక చిన్న మనవి. ఆ డబ్బులో కొంత మైదానం మెరక చేయడానికి తీసి పెట్టండి. ఇంకొంత బ్యాంకులో వేసి, ఏటా వచ్చే వడ్డీని డ్రిల్లు మాస్టారి చేతిలో పెట్టండి. దానికి రసీదులూ దరఖాస్తులూ వద్దు. పోటీకి వెళ్లాల్సిన పిల్లవాడికి, పిల్లకు బస్సు చార్జీ, బూట్లు. అంతే. అడగడానికి మొహమాటపడే పిల్లలు ఉంటారు. వాళ్లను మాస్టారు కనుక్కుంటారు. పేరు పెట్టాలంటే 'సైకిల్ అద్దె నిధి' అని పెట్టండి.

ఆ ఎడమకాలి కుర్రాడు ఇప్పుడు చేపల చెరువులు చూసుకుంటున్నాడు. ఉత్సవానికి మనవలతో వస్తానన్నాడు. మొదటి చందా నేనిస్తున్నాను. అందులో ఒక రూపాయి మాత్రం వాడి బాకీ.