మాడిపోయిన స్టార్టర్ బోర్డు చెప్పే కరెంటు చరిత్ర

చరిత్ర అనగానే శాసనాలు, కోటలు, నాణేలు గుర్తొస్తాయి. ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా పొలాల్లో ఇంకో రకం ఆధారం దొరుకుతుంది. బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో మాడిపోయిన చిన్న బోర్డు. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. అదెందుకు పుట్టిందో, ఎందుకు మాడిపోయేదో, ఇంట్లో కూర్చుని ఎలా బాగుచేసుకునేవాళ్ళో చూస్తే ఈ ప్రాంతపు కరెంటు కథ సగం తెలిసిపోతుంది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1953లో వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా అయింది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి వచ్చి ఇందులో కలిసింది. 1960ల్లో పాల్వంచ దగ్గర కొత్తగూడెం థర్మల్ స్టేషన్ వచ్చింది. సింగరేణి బొగ్గు, కిన్నెరసాని నీళ్ళు రెండూ పక్కనే. అంటే కరెంటుకి పుట్టిల్లు ఇదే అన్నమాట. అయితే స్టేషన్‌లో పుట్టిన కరెంటు నేరుగా పక్కూరికి రాదు. పెద్ద లైనెక్కి గ్రిడ్‌లోకి పోయి, సబ్‌స్టేషన్ మీదుగా ట్రాన్స్‌ఫార్మర్‌కి దిగి, అక్కణ్ణుంచి పొడుగాటి లైన్ల మీద పొలానికి చేరుతుంది. లైను చివర ఉన్న మోటారుకి అందరికన్నా తక్కువ వోల్టేజి. వోల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, వైండింగ్ కాలుతుంది. చిమ్నీ పొగ కనపడేంత దగ్గర్లో ఉన్నా ఈ లెక్క మారదు.

1999లో విద్యుత్ బోర్డుని విడగొట్టారు. 2000లో డిస్కంలు వచ్చాయి, ఖమ్మం వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర డిస్కం కిందకి వెళ్ళింది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు మొదలైంది. బిల్లు లేదు గానీ, ఇచ్చేది రోజుకి ఏడు గంటలు, అదీ వంతులవారీగా, చాలాసార్లు అర్ధరాత్రి. చీకట్లో గట్టు మీద నడక, పాము భయం, తడి చేతుల్తో ఇనుప డబ్బా తెరవడం. రాత్రి మోటారు వేయడానికి వెళ్ళి తిరిగిరాని రైతుల కథలు ఏ ఊళ్ళోనైనా వినపడతాయి.

దీనికి రైతు వెతుక్కున్న జవాబే ఆటో స్టార్టర్. మూడు ఫేజులూ ఉన్నాయా, వోల్టేజి సరిపోతుందా అని చూసుకుని, కొన్ని సెకన్లు ఆగి, రిలే కొట్టి మోటారుని తనే ఆన్ చేస్తుంది. మన భాషలో చెప్పాలంటే చిన్న ఈవెంట్ హ్యాండ్లర్. రైతు ఇంట్లో పడుకోవచ్చు.

కానీ ఇక్కడే మనకి బాగా తెలిసిన బగ్ ఒకటుంది. సర్వర్ తిరిగి లేవగానే క్లయింట్లన్నీ ఒకేసారి మీద పడితే ఏమవుతుంది? ట్రాన్స్‌ఫార్మర్‌కీ అదే అయింది. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ ఒకేసారి లేస్తే వోల్టేజి దబ్బున పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు ఎగిరిపోతుంది. ఒక్కొక్కరు ఒక్కో డిలే పెట్టుకుంటే సరిపోయేది. కానీ ఉన్న ఏడు గంటల్లో వెనక ఉండటానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి?

ఇక బోర్డు సంగతి. లైను మీద కొమ్మ పడ్డా, పిడుగు దగ్గర్లో పడ్డా, ముందు బలయ్యేది ఈ బోర్డే. కరెంటు వచ్చే దారిలో ఎం.ఒ.వి. అనే గుండ్రటి బిళ్ళ ఉంటే అది పగిలిపోతుంది. అసలు దాని పనే అది, తను పోయి మిగతావాటిని కాపాడుతుంది. కండెన్సర్ పైభాగం ఉబ్బుతుంది. రిలే పాయింట్లు నల్లబడతాయి. రాగి ట్రాక్ లేచిపోతుంది. ఇంట్లో బాగుచేసేవాడికి ముందు ముక్కు, తర్వాత కన్ను, ఆ తర్వాతే మల్టీమీటర్.

రెసిస్టర్ మాడి రంగుల గీతలు కనపడకపోతే? సర్క్యూట్ డయాగ్రం ఎవరూ ఇవ్వరు. కానీ ఇలాంటి బోర్డుల్లో మూడు ఫేజులకీ చాలావరకు ఒకేలాంటి మూడు వరసలుంటాయి. ఒక వరస మాడితే పక్క వరసని చూసి విలువ రాసుకోవడమే. మనం డిఫ్ కొట్టి చూడటం లాంటిదే ఇది. ఆ పార్టులు దొరక్కపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఎవరితోనైనా తెప్పించుకోవడం.

పార్టు మార్చగానే పనైపోదు. మాడిన పార్టు చాలాసార్లు ఫలితమే, కారణం కాదు. ఫీజు పోయిందని దాని బదులు రాగి తీగ చుడితే, ఈసారి పోయేది బోర్డో మోటారో మనిషో. పైగా ఇది మూడు ఫేజుల కరెంటు. మెయిన్ తీసేసి, ఎటూ కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని, కండెన్సర్ చార్జి పోయాకే చెయ్యి పెట్టాలి.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అప్పుడు అధికారులు ఆటో స్టార్టర్లు తీసేయండి అన్నారు. కరెంటు ఎప్పుడూ ఉంటే అవి ఆగకుండా తోడేస్తాయి, భూగర్భ జలం అడుగంటుతుందని. వాదనలో న్యాయముంది. కానీ అదే రైతు అత్యాశకి గుర్తన్నట్టు మాట్లాడటం మాత్రం అన్యాయం. వేళాపాళా లేని కరెంటు స్పెసిఫికేషన్ అయితే, దానికి రాసుకున్న కోడ్ అది. స్పెసిఫికేషన్ మారాక పాత కోడ్ తప్పుగా కనపడుతుంది, అంతే.

ఇప్పుడొచ్చే బోర్డుల్లో కొన్నిటి మీద నల్లటి రెజిన్ పోసేస్తున్నారు. తేమ నుంచి రక్షణే, ఒప్పుకుంటా. కానీ పక్క వరస చూసి విలువ రాసుకునే అవకాశం పోయింది. 2022లో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు చూసే రంగాల్లో వ్యవసాయ పరికరాలనీ పెట్టింది, ఆ డిసెంబర్‌లో పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. కానీ సర్వీస్ సెంటర్ వంద కిలోమీటర్ల దూరంలో ఉండి, నారుమడి ఎండుతున్న రైతుకి కావలసింది పోర్టల్ కాదు, ఒక సర్క్యూట్ డయాగ్రం. డబ్బా మూతకి లోపలివైపు అంటిస్తే చాలు. ఓపెన్ సోర్స్ గురించి గంటలు గంటలు వాదించుకునే మనం, ఈ ఒక్క కాగితం గురించి కూడా అడగొచ్చు కదా?