చెరువు మీద పేట, స్టేషన్ పక్కన సందు

మద్రాసు టి.నగర్‌లో ఆ "టి" తిరువయ్యూరు త్యాగయ్యగారిదని చాలామంది అనుకుంటారు. కాదు, అది పిట్టి త్యాగరాయ శెట్టిది. జస్టిస్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరు. 1920 ఎన్నికల్లో పార్టీ గెలిచాక ముఖ్యమంత్రి పదవి చేతికొస్తే తనకొద్దన్న మనిషి. పేట మధ్యలో ఉన్న పార్కుదేమో పానగల్ రాజా పేరు. ఈయన అసలు పేరు పానగంటి రామరాయణింగారు, పుట్టింది కాళహస్తిలో, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి. ఇద్దరూ తెలుగువాళ్ళే. పానగల్ పార్కు తగలకుండా మన పాత సినిమావాళ్ళ జ్ఞాపకాలు ముందుకు సాగవు. ఆ పేరు ఎవరిదని మాత్రం మనం పెద్దగా అడగం.

ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ బ్రోషర్ తెరిచినా "మెట్రోకి నడకదూరం, కిందే షాపింగ్" అని ఉంటోంది కదా. అదేదో నిన్నమొన్న పుట్టిన ఐడియా అన్నట్టు రాస్తారు. మన పక్కనే వందేళ్ళ కింద ఒక పేటని ప్లాన్ వేసి, రైలు పట్టాలని ఆనుకుని కట్టారు. ఇవాళ దేశంలో జనం కాలినడకన అంతగా కిక్కిరిసే బజార్లు తక్కువ. ప్లాన్ వల్లే అలా అయిందా అంటే, నాకైతే నమ్మకం లేదు.

1915లో పాట్రిక్ గెడ్డిస్ తన నగరాల ఎగ్జిబిషన్ పట్టుకుని మద్రాసొచ్చాడు. ఆయన స్నేహితుడు లాంచెస్టర్ 1918లో మద్రాసు నగర ప్రణాళిక గురించి ఏకంగా పుస్తకమే వేశాడు. 1920లో టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. ఇదంతా కాగితం. నేల కావాలి కదా? ఊరికి పడమట మైలాపూరు, మాంబళం, నుంగంబాక్కం దాకా వంపు తిరిగి పరుచుకున్న పెద్ద చెరువు ఉండేది. ఇంగ్లిషువాళ్ళు దాన్ని లాంగ్ ట్యాంక్ అనేవాళ్ళు. 1923లో దాని నీళ్ళు తోడేసి ఇళ్ళస్థలాలు చేయడం మొదలెట్టారు. ఇక్కడో చిత్రం ఉంది. గెడ్డిస్ మన దేశంలో తిరిగిన చోటల్లా చెరువులు పూడ్చొద్దని మొత్తుకున్నాడు, వాటివల్లే ఊరు చల్లగా ఉంటుందని. ఆయన పాఠాలు విన్న ఊరు వేసిన మొదటి పెద్ద పేట చెరువు ఎండగట్టి వేసింది!

ప్లాన్ అందంగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. మధ్యలో పార్కు, దాని దగ్గరకొచ్చి కలిసే వెడల్పాటి రోడ్లు, వాటికి ఉస్మాన్, జి.ఎన్. చెట్టి, త్యాగరాయ, వెంకటనారాయణ అని పేర్లు. జస్టిస్ పార్టీవాళ్ళ హాజరుపట్టీ చదివినట్టుంటుంది. వీధుల వెంట చెట్లు, వెనక్కి జరిగిన బంగళాలు. ఊహించుకున్న నివాసి లాయరో, పెద్ద ఉద్యోగో. సాయంత్రం పార్కులో షికారు చేస్తాడు. కూరగాయలకి నడిచివెళ్ళేది మాత్రం ఆయన కాదు, ఇంట్లో పనివాళ్ళు.

కానీ మాంబళం స్టేషన్ ఆ పార్కు దగ్గర లేదు. పేటకి పడమటి అంచున, వెనకగుమ్మంలాగా ఉంది. 1931లో బీచ్ నుంచి తాంబరం దాకా కరెంటు రైళ్ళు వచ్చాయి. అంతే, వెనకగుమ్మం వీధిగుమ్మమైపోయింది. తాంబరం నుంచో, జార్జ్‌టౌన్ నుంచో వచ్చి దిగినవాడు ఉస్మాన్ రోడ్డుకి చేరాలంటే రంగనాథన్ వీధిలోంచే పోవాలి. రెండు మూడొందల మీటర్ల ఇళ్ళ వీధి అది. ప్లాన్‌లో దానికేం ప్రాముఖ్యం లేదు. కంచినుంచి వచ్చిన నల్లి చిన్నసామి చెట్టి 1928లో పట్టుబట్టల కొట్టు పెట్టింది పానగల్ పార్కు దగ్గర, అంటే ప్లాన్ చూపించిన చోట. తరవాతి తరం వర్తకులు ప్లాన్ చూళ్ళేదు, జనం కాళ్ళెటు పోతున్నాయో చూశారు. అరుగులు కొట్లయ్యాయి, కొట్లు అంతస్తులయ్యాయి. పిన్నీసు నుంచి పెళ్ళి బంగారం దాకా అదే సందులో.

పట్టాలకి అవతల పడమటి మాంబళం ఉంది. దానికి ఇలాంటి మ్యాపు దక్కలేదు, ఇరుకు వీధుల్లో తనంతట తనే పెరిగింది. స్టేషన్ ఒకటే, రైళ్ళూ అవే.

ఈ మధ్యలోనే మనవాళ్ళ సినిమా కాపురాలు. బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్, హబీబుల్లా రోడ్డులో సావిత్రి, ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల. ఛాన్సుల కోసం వచ్చినవాళ్ళకి పార్కు బెంచీ, పక్కనే పాండీబజారు. నడవగలిగే పేట అంటే అసలు అర్థం ఇదేననిపిస్తుంది నాకు: జేబులో డబ్బుల్లేనివాడు కూడా రోజంతా గడపగలగడం.

కొట్లు పెరిగినకొద్దీ రూల్సు కొట్టుకుపోయాయి. 2011 అక్టోబరు ఆఖర్న అధికారులు అక్రమ కట్టడాలని చాలా పెద్ద షాపులకి సీలేశారు. 2012 సంక్రాంతి గిరాకీ వేళకి సుప్రీంకోర్టు అనుమతితో మళ్ళీ తెరిచారు. 2017 మే 31న ఉస్మాన్ రోడ్డు మీద ఏడంతస్తుల బట్టలకొట్టు తగలబడింది. కొంత కూలిపోగా మిగతాది ప్రభుత్వం కూలగొట్టించింది.

జనం నడుస్తున్నారు సరే, లోపల నిలబడేవాళ్ళ సంగతేంటి? 2010లో వసంతబాలన్ తీసిన 'అంగాడి తెరు' (తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో డబ్ చేశారు) ఈ వీధి కథే. పల్లెలనుంచి వచ్చిన పిల్లలు పగలంతా నిలబడి అమ్మి, రాత్రి ఇరుకు గదుల్లో పడుకోవడం అందులో కళ్ళారా చూస్తాం. అమ్మేవాళ్ళకి కూర్చునే వీలుండాలని తమిళనాడు చట్టం చేసింది 2021లో. స్టూలు వేయమని చెప్పడానికి చట్టం కావాల్సి వచ్చింది!

ఇక 2013లో పాండీబజారు పేవ్‌మెంటు మీది చిరువ్యాపారుల్ని కోర్టు ఆదేశాలతో లేపి, అక్కడే కట్టిన ఒక బిల్డింగులోకి మార్చారు. 2019 నవంబరులో అదే రోడ్డుని స్మార్ట్‌సిటీ డబ్బుతో పాదచారుల ప్లాజాగా మార్చి ప్రారంభించారు. వెడల్పాటి ఫుట్‌పాత్, బెంచీలు, దీపాలు. ఫొటోలకి బాగుంటుంది, నిజంగానే హాయిగా నడవొచ్చు కూడా. నా పేచీ వరసతోనే. వీధిలో నడిచేవాళ్ళు ఆగడానికి కారణమైనవాళ్ళని ముందు పంపించేసి, తరవాత నడకకి స్థలం ఇచ్చారు. 2023 మేలో స్టేషన్‌నుంచి టి.నగర్ బస్‌స్టాండుకి 570 మీటర్ల ఆకాశవంతెన కూడా వేశారు. కింద రద్దీ తగలకుండా పైనుంచి వెళ్ళిపోవచ్చు. పువ్వులమ్మే ఆవిడకి ఆ వంతెన మీద చోటుంటుందా?

చెరువు మాత్రం తన పేరు వదల్లేదు. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డుంది, నుంగంబాక్కంలో లేక్ ఏరియా, ట్యాంక్ బండ్ రోడ్డు ఉన్నాయి. ఎక్కడా నీళ్ళు కనబడవు. 2021 నవంబరు వానలకి జి.ఎన్. చెట్టి రోడ్డు, దాని పక్క వీధులు మునిగాయి. టీవీవాళ్ళు మోకాల్లోతు నీళ్ళలో నిలబడి మాంబళం కాలవని తిట్టారు. రెండో దశ మెట్రోకి ఇప్పుడు పానగల్ పార్కు దగ్గర భూగర్భ స్టేషన్ కడుతున్నారు. అంటే వందేళ్ళ తరవాత రైలు ప్లాన్ గీసినవాళ్ళ నట్టింట్లోకి వస్తోందన్నమాట. అక్కణ్ణుంచి పైకెక్కిన జనం ఏ సందులోకి తిరుగుతారో, పక్కనే టీకొట్టు పెట్టుకున్నవాడికి ఇంజనీర్లకంటే ముందే తెలుస్తుంది.