ఋషికుల్య ఒడ్డున సమాప నగరం

ప్రపంచపు తొలి నాగరికతల పరిశోధన అనగానే మెసొపొటేమియా మట్టిదిబ్బలూ మొహెంజొదారో వీధులూ తలపుకు వస్తాయి గాని, తవ్విన మన్నూ చెక్కిన రాయీ ఒకే చోట దొరికి, ఒకదాని సాక్ష్యాన్ని మరొకదానితో సరిచూసుకునే వీలు కల్పించే ప్రాచీన నగరాలు మన దేశంలో తక్కువ. అటువంటిది బరంపురానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య నది ఒడ్డున ఉన్న జౌగడ. వయసులో ఇది సింధు నగరాలకంటే రెండువేల ఏళ్లకు పైగా చిన్నదే; అయితే సింధు లిపి నేటికీ పండితులకు కొరుకుడు పడకపోగా, జౌగడ శిల తన ఊరి పేరు సమాప అని తానే చెబుతుంది.

ఒడియాలో 'జౌ' అంటే లక్క, 'గడ' అంటే కోట. పాండవులను దహించడానికి కౌరవులు కట్టించిన లక్క ఇల్లు ఇదేనని స్థానికంగా చెప్పుకునే కథ ఆ పేరుకు అతుక్కుని ఉంది. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనిదే కనుక ఇక్కడి తొలి పరిశోధన మద్రాసు అధికారుల చేతుల మీదుగానే సాగింది. 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించిన వాల్టర్ ఇలియట్టే 1850లో ఈ శిల మీది అశోకుని శాసనానికి నకలు తీసి, అది ధౌలి, గిర్నార్ శాసనాల కోవలోనిదని పోల్చుకున్నాడు; ప్రిన్సెప్ ఆ శాసనాల బ్రాహ్మీ లిపిని చదివి అప్పటికి పట్టుమని పదిహేనేళ్లు కాలేదు.

రాతికి దక్కిన ఆదరణ మట్టికి దక్కడానికి మరో నూరేళ్లు పట్టింది. 1956-57లో కేంద్ర పురావస్తు శాఖ తరఫున దేబల మిత్ర ఇక్కడ తవ్వకాలు జరిపారు. తరువాతి కాలంలో ఆ శాఖకు తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయినది ఆవిడే. ఒక్కో వైపు దాదాపు 800 మీటర్ల పొడవున్న చతురస్రాకారపు మట్టికోట, వైపుకు రెండేసి ద్వారాలు, భువనేశ్వర్ దగ్గరి శిశుపాలగఢ్‌ను తలపించే ఈ అమరిక, ఊరు యాదృచ్ఛికంగా పెరిగినది కాదని చూపుతుంది. లోపల ఇనుప పనిముట్లు, రాతి పూసలతో పాటు నలుపు-ఎరుపు కుండల పెంకులు దొరికాయి. ఆవంలో కుండను బోర్లించి కాల్చినప్పుడు గాలి అందని లోపలి భాగమూ అంచూ నల్లబడి, పైభాగం ఎర్రగా మిగులుతుంది. ఆ రెండు రంగుల పెంకు చూడగానే పురావస్తువేత్త కాలాన్ని అంచనా కట్టడం మొదలుపెడతాడు.

ఇక శిల సంగతి. నిటారుగా నిలిచిన బండ మీద మూడు ఫలకాలుగా చెక్కిన అశోకుని ధర్మశాసనాల్లో 11, 12, 13 లేవు. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారనీ లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ చెప్పేది పదమూడవదే. కర్నూలు సీమలోని ఎర్రగుడిలో అది ఉంది, దెబ్బతిన్న కళింగలో లేదు. గాయాన్ని రేపడం ఇష్టంలేక రాజు దాన్ని తప్పించాడన్న వివరణ ప్రచారంలో ఉంది. అది సబబుగానే కనిపిస్తుంది గాని, దాని స్థానంలో ఇక్కడ చెక్కిన రెండు ప్రత్యేక శాసనాలు కళింగకు చెందని కర్ణాటకలోని సన్నతిలో కూడా బయటపడ్డాక ఆ వాదాన్ని మునుపటంత ధీమాగా చెప్పడం కష్టం.

ఆ ప్రత్యేక శాసనాలు సమాపలోని మహామాత్రులను, అనగా రాజు నియమించిన ఉన్నతాధికారులను ఉద్దేశించినవి. భాష తూర్పు ప్రాకృతం. అందులో రేఫ లకారమై 'రాజ' కాస్తా 'లాజ' అవుతుంది. అకారణంగా ఎవరినీ బంధించరాదనీ, అసూయ, కోపం, తొందరపాటు, సోమరితనం ఉన్నవాడు న్యాయం చెప్పలేడనీ ఈ శాసనాల్లో అధికారులకు హెచ్చరిక ఉంది. చదువురానివారి కోసం కాబోలు, నాలుగు మాసాలకొకసారి తిష్య నక్షత్రం నాడు, అంటే మన పుష్యమి నాడు, వీటిని చదివి వినిపించాలని ఆదేశం కూడా వాటిలోనే ఉంది. వినేవాడు ఒక్కడే అయినా సరే.