అడగకుండానే వచ్చే లోకం

పోయిన వేసవిలో మా చెల్లెలి కూతురు బందరులో నా దగ్గర పది రోజులుంది. తనూ, నలుగురు స్నేహితురాళ్ళూ కలిసి ఆడే ఆట ఒకటుంది. బల్ల మీద పాచికలు, కాగితాలు, పెన్సిళ్ళు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ కథలో తామేం చేస్తారో చెబుతారు. పాచికను బట్టి అది నెరవేరుతుంది, లేకపోతే బెడిసికొడుతుంది. ఈసారి కథ నడిపే వంతు తనది. "పెద్దమ్మా, నాకో లోకం కావాలి. ఎప్పుడు ఆడినా అక్కడి నుంచే మొదలెట్టాలి" అంది. దాన్ని డిఫాల్ట్ సెట్టింగ్ అంటారట.

"ఉన్న లోకాలకేమొచ్చింది?" అన్నాను.

"వాటిల్లో నేనెప్పుడూ మగపిల్లాడి పాత్రే తీసుకుంటాను. ఊళ్ళు తిరగడానికి అదే బాగుంటుంది" అంది.

ఎవరూ తనని అలా ఆడమనలేదు. డిఫాల్ట్ అంటే అదే కదా, అడగకుండానే వచ్చేది.

ఈ ఆటలకి మూలమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అమెరికాలో అచ్చయింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని కర్తలు. 2000లో వచ్చిన మూడో కూర్పుకి గైగాక్స్ సృష్టించిన గ్రేహాక్ డిఫాల్ట్ లోకమైంది. 2014 నాటి అయిదో కూర్పులో ఎక్కువ కథలు ఫర్గాటెన్ రెల్మ్స్ అనే మరో లోకంలో నడిచాయి. కోటలు, మంచుకొండలు, సారాయి దుకాణాలు ఉండే యూరప్ మధ్యయుగపు నీడ ఈ లోకాల మీద దట్టంగా ఉంటుంది. 1978 నాటి నియమాల పుస్తకంలో మానవ స్త్రీ పాత్రకి ఉండగల బలం పురుష పాత్ర కన్నా తక్కువని అంకెల్లో రాశారు. మంత్రాలూ రాక్షసులూ ఉన్న లోకంలో కూడా ఆడదాని బలానికి హద్దు గీయడం మర్చిపోలేదు! 1989 నాటి రెండో కూర్పులో ఆ నియమం తీసేశారు.

మనకి మాత్రం డిఫాల్ట్ లోకం లేదా? 'పాతాళభైరవి' (1951) ఉజ్జయినిలో జరుగుతుంది. తోటమాలి కొడుకు సాహసాలు చేస్తాడు, రాకుమారి ఎదురుచూస్తుంది. నా చిన్నప్పుడు నేను కూడా తోటరాముడినే అయ్యాను తప్ప ఇందుమతిని కాలేదు.

అందుకే దాన్ని శ్రీకాకుళం తీసుకెళ్ళాను. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళం. 16వ శతాబ్దం రెండో దశకంలో, కళింగ దండయాత్ర దారిలో, కృష్ణదేవరాయలు ఇక్కడ ఏకాదశి ఉపవాసముండి నిద్రపోయాడు. కలలో ఆంధ్రమహావిష్ణువు కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడు. 'ఆముక్తమాల్యద' అవతారికలో రాయలు చెప్పుకున్న సంగతి ఇది.

ముప్పై ఏళ్ళు కాలేజీలో ఈ అవతారిక పాఠం చెప్పాను. తెలుగు భాష గొప్పదనం దగ్గర ఆగి, ప్రతి ఏడూ అదే వివరించేదాన్ని. ఆ కలలోనే దేవుడు అడిగిన ఇంకో మాట మీద నిలబడలేదు. లోగడ ఒక మగవాడిచ్చిన దండ వేసుకున్నాననీ, ఆ కొరత తీరేలా, తాను ధరించి తనకిచ్చిన అమ్మాయితో శ్రీరంగంలో జరిగిన పెళ్ళి చెప్పమనీ అంటాడు. కావ్యానికి కారణం భాష ఒక్కటే కాదు, గోదాదేవి కూడా. తీరా కావ్యం ఆరు ఆశ్వాసాలైతే, ఆమె కథలోకి రావడానికి అయిదోదాకా ఆగాలి.

నేను దాటేసిన చోటు మరొకటి ఉంది. నాలుగో ఆశ్వాసంలో వాన. తడిసిన కట్టెలు, నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగడం, దొరికినా అంటుకోకపోవడం, ఇల్లంతా పొగ. చక్రవర్తి రాసిన ఆ వంటింటిని నేను 'వర్ష వర్ణన' అనే శీర్షిక కింద రెండు మార్కుల ప్రశ్న చేశాను. పొయ్యి ముందు కూర్చున్నదెవరని పిల్లల్ని అడగలేదు.

తిరుగు దారిలో ఘంటసాల దగ్గర ఆగాం. రెండో శతాబ్దంలో టాలెమీ కంటకోసిల అని రాసిన వ్యాపార కేంద్రం ఇదే. నాగార్జునకొండలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో చెక్కిన శాసనం ఒకటుంది. అది బోధిసిరి అనే ఉపాసిక దానాల పట్టిక. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం, వేర్వేరు చోట్ల గదులు, మండపాలు, చెరువు. వాటిల్లో కంటకసోల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కూడా ఉంది. పదిహేడు వందల ఏళ్ళ నాడు ఒక స్త్రీ పేరు ఇన్ని ఊళ్ళు తిరిగింది!

"అయితే అప్పుడు ఆడవాళ్ళకి బాగుండేదా?" అంది పిల్ల.

అంత మాట అనలేను. బోధిసిరి గృహపతుల ఇంటి మనిషి. ఆమె మండపానికి రాళ్ళు మోసిన ఆడవాళ్ళ పేర్లు ఏ శాసనంలోనూ లేవు. దగ్గర్లోని కూచిపూడినే చూడండి. పాత్ర ధరించడమే ప్రాణమైన ఊరు. అక్కడ తరతరాలుగా సత్యభామ మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ భామ వేషానికి ఎంతటి పేరుందో మనకి తెలుసు. మగవాడు భామ అయితే కళ అన్నాం. మా పిల్ల ఆటలో మగపిల్లాడైతే అది దారి దొరక్క. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరో అమ్మాయిలకి నేర్పాక గానీ భామ పాత్ర భామలకి బాగా అందుబాటులోకి రాలేదు.

ఆ రాత్రి పిల్ల పటం గీసింది. నది, రేవు, గుడి, చైత్యం. దక్షిణాన సముద్రం దగ్గర పెన్సిల్ ఆగింది. "ఇక్కడ రాక్షసి ఎవరు?" అంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికొచ్చిన ఉప్పెన గురించి చెప్పాను. వేలమంది పోయారన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అక్కడ రాక్షసిని గీయలేదు, 'సముద్రం' అని మాత్రం రాసింది.

మర్నాడు ఫోనులో స్నేహితురాళ్ళకి మొదటి ఘట్టం చెబుతోంది: వాన, తడి కట్టెలు, ఇంట్లో నిప్పు లేదు, బయటికెళ్ళి తేవాలి.

"ఎవరు వెళ్ళాలి?" అని అటునుంచి అడిగినట్టున్నారు.

"అది మీరే చెప్పాలి" అంది. ఒక్క క్షణం ఆగి, "ఈసారి నేను ఆడుతుంటే మాత్రం ఆడపిల్లగానే వెళ్ళేదాన్ని" అంది.