రహీం సాబ్ పెట్టిన నిబంధన

బంతిని కాళ్ళ మధ్య ఆడించుకుంటూ ఇద్దరు ముగ్గురిని దాటుకుపోయే కుర్రాడికి ఏ మైదానంలోనైనా చప్పట్లు పడతాయి. ఒకప్పుడు హైదరాబాద్‌లో జరిగిన కొన్ని టోర్నమెంట్లలో మాత్రం ఆ పని చేయడం తప్పు. డ్రిబ్లింగ్ నిషిద్ధం. వచ్చిన బంతిని వచ్చినట్టే సాటివాడికి అందించాలి. ఇంకో రకం పోటీలూ ఉండేవి. వాటిలో కుడివాటం వాడు ఎడమ కాలితోనే, ఎడమవాటం వాడు కుడి కాలితోనే ఆడాలి. ఈ నిబంధనలేవీ ఫిఫా పుస్తకంలో లేవు. వాటిని పెట్టిన మనిషి ఒక బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

2024లో అజయ్ దేవ్‌గణ్ ‘మైదాన్’ సినిమా వచ్చాక రహీం పేరు మళ్ళీ నలుగురి నోళ్ళలో నానింది. సినిమాకి కావలసింది కన్నీళ్ళు, ఫైనల్, పతకం. కాబట్టి అవే చూపించారు, తప్పు పట్టలేం. కానీ 1962 ఆసియా క్రీడల్లో రహీం శిక్షణలో మన జట్టు గెలిచిన ఆ పతకం వెనక ఏళ్ళ తరబడి సాగిన కసరత్తులో ఈ వింత టోర్నమెంట్ల వాటా ఎంతో ఉంది. ఫుట్‌బాల్‌లో ఏ పాత పద్ధతుల్ని తిరిగి తేవాలి, ఏ కొత్త నిబంధనలు పెట్టాలి అని ఎవరైనా అడిగితే, నేనైతే ముందు వీటినే చెబుతాను.

ఆ నిబంధన పిల్లవాణ్ణి ఏం చేస్తుందో చూడండి. బంతి తనవైపు దొర్లుకుంటూ వస్తోంది. మామూలు ఆటలో అయితే ముందు బంతిని ఆపుతాడు, తల దించుకుని దాన్నే చూస్తాడు, ఒకణ్ణి తప్పిస్తాడు, రెండోవాడు మీదికి వచ్చినప్పుడు గానీ తల ఎత్తడు. అప్పటికి అందించడానికి దారులన్నీ మూసుకుపోయి ఉంటాయి. డ్రిబ్లింగ్ కుదరదన్నాక ఈ వరుస మొత్తం తలకిందులవుతుంది. బంతి రాకముందే చుట్టూ చూసుకోవాలి. ఎవడు ఖాళీగా ఉన్నాడో, ఎవడు పరిగెత్తబోతున్నాడో ముందే మనసులో వేసుకోవాలి. అంతకంటే పెద్ద మార్పు బంతి లేని కుర్రాళ్ళలో వస్తుంది. తోటివాడు ఇప్పుడే బంతిని వదిలేయాలని వాళ్ళకి తెలుసు. అందుకే నిలబడి చూడరు, ఖాళీ వెతుక్కుంటూ కదులుతారు. కోచ్ రోజూ గొంతు చించుకుని చెప్పినా ఎక్కని పాఠాన్ని ఒక్క నిబంధన ఊరకే నేర్పేస్తుంది.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుని, ఆ విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. పాఠాలు చెబుతూనే వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో ఆటల బాధ్యత తీసుకున్నారు. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి శిక్షణ ఇచ్చిందీ ఆయనే. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. 1950లోనే డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. ఆ ఫైనల్లో ఎదురుపడింది మోహన్ బగాన్. మొదటి మ్యాచ్ డ్రా అయింది, మళ్ళీ ఆడి గెలిచారు. ఈ ‘మళ్ళీ ఆడటం’ గురించి తర్వాత చెబుతాను.

పాత పద్ధతులన్నీ మంచివేనని వాదించేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఉత్త కాళ్ళ ఆటనే తీసుకోండి. 1911లో మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించినప్పుడు, పదకొండుమందిలో బూట్లు వేసుకున్నది ఒక్కడే. తెల్లదొర బూట్లని మన పాదాలు గెలిచాయన్న గర్వం దేశమంతా పాకింది. ఆ గర్వానికి అర్థం ఉంది. అయితే అదే అలవాటు నలభై ఏళ్ళు కొనసాగింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఎక్కువమంది బూట్లు లేకుండానే దిగారు. ఫ్రాన్స్ మీద గట్టిగా ఆడారు. రామన్ గోల్ కొట్టాడు. కానీ రెండు పెనాల్టీలు వృథా చేసుకుని 2-1తో ఓడిపోయారు. 1952లో హెల్సింకిలో చలి, తడి నేల, ఎదురుగా యుగోస్లావియా. 10-1. ఆ దెబ్బతో మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఉత్త కాళ్ళ సంప్రదాయం ఫొటోల్లోనే అందంగా ఉంటుంది, అక్కడే ఉండనివ్వండి.

ఇంకో అలవాటు కూడా ఉండేది. దేశంలో మ్యాచ్‌లు 90 నిమిషాలు ఆడేవాళ్ళు కాదు, అంతకంటే తక్కువే. ఎండ, ఉక్క కారణాలు. ఇంట్లో తక్కువసేపు ఆడే అలవాటున్న జట్టు బయటికి వెళ్ళినప్పుడు చివరి ఇరవై నిమిషాల్లో ఆయాసపడక ఏం చేస్తుంది? రహీం ఆటగాళ్ళ దమ్ము మీద అంత పట్టుదలగా పని చేయించడానికి ఇదే కారణం. ఆయన శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానానికి చేరింది. ఆస్ట్రేలియాని 4-2తో ఓడించినప్పుడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం అంతా హైదరాబాద్ మైదానాల్లో పెరిగినవాళ్ళే. బలరాం పుట్టింది సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడలో. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టింది కూడా అతనే.

చిత్రమేమిటంటే ఇప్పుడు ప్రపంచమే పొట్టి ఆట గురించి మాట్లాడుతోంది. 90 నిమిషాల మ్యాచ్‌లో బంతి నిజంగా ఆటలో ఉండేది దాదాపు గంటసేపే. మిగతాదంతా కింద పడి దొర్లడం, త్రో వేయడానికి తాత్సారం, గోల్‌కీపర్ బంతిని కౌగిలించుకుని పడుకోవడం. 2017లో నిబంధనలు రాసే అంతర్జాతీయ మండలి ఒక చర్చాపత్రంలో, ఆట ఆగినప్పుడల్లా గడియారం ఆపేసి, 30 నిమిషాల చొప్పున రెండు భాగాలు ఆడిద్దామన్న ఆలోచన బయటపెట్టింది. అది అటకెక్కింది. నా ఓటు మాత్రం దానికే. గడియారం ఆగితే పడి దొర్లేవాడికి దక్కే లాభం సున్నా. ఈ మధ్య గోల్‌కీపర్ బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతిలో ఉంచుకుంటే ఎదుటి జట్టుకి కార్నర్ ఇవ్వాలన్న నిబంధన వచ్చింది. మంచిదే, కానీ అది చిల్లుకి అతుకు మాత్రమే.

నిబంధన మారితే ఆటే మారిపోతుందనడానికి రెండు సాక్ష్యాలు చాలు. 1925కి ముందు ఆఫ్‌సైడ్ కాకుండా ఉండాలంటే ఫార్వర్డ్‌కి, గోల్‌కి మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి. న్యూకాజిల్ బ్యాక్ బిల్ మెక్‌క్రాకెన్ లాంటి గడుసువాళ్ళు ఒక్క అడుగు ముందుకేసి ఫార్వర్డ్‌లందర్నీ వలలో పడేసేవాళ్ళు. ఆట మైదానం మధ్యలో ఇరుక్కుపోయింది. ఆ ఏడాది ముగ్గుర్ని ఇద్దరు చేశారు. ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో అంతకుముందు సీజన్‌లో 1,192 గోల్స్ వస్తే, తర్వాతి సీజన్‌లో 1,703 వచ్చాయి. రెండోది 1990 ప్రపంచకప్. 52 మ్యాచ్‌ల్లో 115 గోల్స్, అంటే మ్యాచ్‌కి సగటున 2.21. ప్రపంచకప్ చరిత్రలో అంత తక్కువ సగటు ఇంకోటి లేదు. ఒక గోల్ ముందుంటే చాలు, డిఫెండర్ బంతిని గోల్‌కీపర్‌కి తన్నడం, అతను చేత్తో తీసుకోవడం, మళ్ళీ ఇవ్వడం, మళ్ళీ తీసుకోవడం. 1992లో సొంతవాడు కాలితో కావాలని ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో ముట్టకూడదన్నారు. ఈ రోజు గోల్‌కీపర్లు మిడ్‌ఫీల్డర్లలా పాస్‌లు ఇస్తున్నారంటే ఆ ఒక్క వాక్యం చలవే.

రహీం ఈ రహస్యం పసిగట్టారు. పెద్ద ఆట నిబంధనల్ని మార్చడం ఆయన చేతిలో లేదు. నిబంధనలు రాసే ఆ అంతర్జాతీయ మండలిలో ఎనిమిది ఓట్లుంటాయి, నాలుగు బ్రిటన్ సంఘాలవి, నాలుగు ఫిఫావి. ఆరు పడితే గానీ అక్షరం కదలదు. కుర్రాళ్ళ టోర్నమెంటు నిబంధన మాత్రం ఆయన చేతిలో ఉంది. అక్కడే మార్చారు. 1962 జకార్తాలో ఫలితం కనబడింది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిన జట్టు సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. పి.కె. బెనర్జీ ఒకటి, తలకి దెబ్బ తగిలి కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. జర్నైల్ అసలు డిఫెండర్. అతన్ని ముందుకి పంపిన కోచ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ స్వర్ణం రాలేదు.

ఇక ‘మళ్ళీ ఆడటం’. ఫైనల్ డ్రా అయితే ఇంకో రోజు మళ్ళీ ఆడటం ఒకప్పటి మర్యాద. ఇంగ్లండ్‌లో 1970 ఎఫ్ఏ కప్ ఫైనల్ చెల్సీ, లీడ్స్ మధ్య అలాగే తేలింది. అదే కప్‌లో 2024-25 నుంచి ప్రధాన రౌండ్లలో రీప్లేలు ఎత్తేశారు. టీవీ వాళ్ళకి తేదీలు కావాలి, క్లబ్బులకి అలసట భయం. డ్యూరాండ్‌లో 1960లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఇద్దర్నీ విజేతలుగా ప్రకటించారు, ఏడాదికి ఆర్నెల్ల చొప్పున కప్పు పంచుకున్నా పోయేదేం లేదు! నిజానికి ప్రతి మ్యాచ్‌కీ రీప్లే అడగడం అత్యాశే. ఫైనల్‌కి మాత్రం ఇవ్వచ్చు. ఏడాదంతా ఆడిన ఆటని పన్నెండు గజాల నుంచి తన్నే ఐదు బంతులతో తేల్చడం నాకు మింగుడుపడదు. షూటౌట్ తప్పదంటే అమెరికావాళ్ళ పద్ధతి మేలు. 1996 నుంచి 1999 దాకా వాళ్ళ మేజర్ లీగ్‌లో ఆటగాడు గోల్‌కి 35 గజాల దూరం నుంచి బంతితో పరిగెత్తుకొచ్చి, ఐదు సెకన్లలో గోల్‌కీపర్‌ని దాటాలి. అందులో ఫుట్‌బాల్ ఉంది. డ్రిబ్లింగ్ కూడా ఉంది. రహీం సాబ్ ఒప్పుకునేవారో లేదో మరి.

మన దగ్గర అసలు కొరత గోల్ కొట్టేవాళ్ళకి. పెద్ద లీగ్ ఐఎస్ఎల్‌లో క్లబ్బులు ముందువరసలో విదేశీయుల్నే నిలబెడతాయి. గెలవాలి కాబట్టి వాళ్ళనీ అనలేం. కానీ మన కుర్రాడు ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుంటే ఎప్పుడు నేర్చుకుంటాడు? రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీలో విదేశీయులు ఉండరు. 1956-57, 1957-58లో హైదరాబాద్, 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన ట్రోఫీ అది. 2024 డిసెంబర్ 31న దాని ఫైనల్ గచ్చిబౌలిలో జరిగింది, బెంగాల్ 1-0తో కేరళని ఓడించింది. అలాంటి పోటీ క్లబ్బుల స్థాయిలో కూడా ఒకటి ఉండాలి. భారతీయులు మాత్రమే ఆడే కప్.

దానికి కొత్త పేరు వెతకనక్కర్లేదు. 1891లో మొదలైన రోవర్స్ కప్ ఉంది. మొదట్లో తెల్లవాళ్ళ పటాలాలే ఆడుకునేవి. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు ఆ గోడ బద్దలుకొట్టింది. బొంబాయి కూపరేజ్ మైదానంలో హైదరాబాద్ పోలీసుల హవా సాగింది ఆ తర్వాతే. 2000-01 సీజన్‌తో ఆ కప్ ఆగిపోయింది. డ్యూరాండ్‌కి సైన్యం అండ ఉంది కాబట్టి మధ్యలో ఆగినా 2019లో మళ్ళీ లేచింది. రోవర్స్‌కి అలాంటి దిక్కు దొరకలేదు.

హైదరాబాద్‌లో మిగిలిందేమిటంటే వలస. హబీబ్, నయీముద్దీన్, తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరూ కలకత్తా క్లబ్బులకే వెళ్ళి పేరు తెచ్చుకున్నారు. 1977లో పీలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున ఎదురు నిలిచినవాళ్ళలో హబీబ్ ఉన్నాడు. ఆట 2-2తో ముగిసింది. 2019లో ఊరి పేరుతో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, 2021-22లో ఐఎస్ఎల్ గెలిచింది, 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది.

క్లబ్బుని తిరిగి తేవడం డబ్బుతో కూడిన పని. డ్రిబ్లింగ్ లేని టోర్నమెంటు పెట్టడానికి ఒక విజిల్, ఒక బంతి, నిబంధన చదివి వినిపించే వ్యాయామ ఉపాధ్యాయుడు చాలు. రెండు తెలుగు రాష్ట్రాల సంఘాలు వేసవి శిబిరాల్లో దాన్ని మొదలుపెట్టవచ్చు. దాంతోపాటే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యని రోవర్స్ కప్ మళ్ళీ నడపమని, ముంబైలో వీలుకాకపోతే హైదరాబాద్‌లో మేం నడుపుతామని అడగాలి. వరుసగా ఐదుసార్లు గెలిచిన ఊరు అడిగితే కాదనడం అంత తేలిక కాదు.