కురిచేటిలో కుట్టిన విక్రమార్కుడు

గుంటూరు నుండి గుంతకల్లునకు బోవు నాటి మీటరుగేజి దారిలో, వినుకొండ దాటిన పిమ్మట వచ్చు మా కురిచేటికి నెలకొకమారు తపాలా సంచిలో మద్రాసు నుండి చందమామ వచ్చుచుండెడిది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు నెలకొల్పిన ఆ పత్రిక ఇల్లిల్లు తిరిగి, అంచులు నలిగి, చివరకు మా పెదనాయనగారి చెక్కపెట్టెకు చేరెడిది. ఏడాది నిండగనే ఆయన ఆ పన్నెండు సంచికలలోని బేతాళకథల పుటలను మాత్రమే ఊడదీసి, అంచులు సరిచేసి, దబ్బనముతో తూట్లు పొడిచి, పురికొసతో కుట్టి, పురుగు పట్టకుండ మయిలుతుత్తము కలిపి ఉడికించిన మైదాబంకతో అట్ట నంటించి, రాత్రియెల్ల తిరుగలి రాతి క్రింద అణచి యుంచెడివారు. పుస్తకమనగా నాకు నేటికిని ఆ పచ్చిబంక వాసనయే.

అమెరికాలో 1936లో ఫాంటమ్, 1938లో సూపర్‌మాన్ బొమ్మలకథల కెక్కిరి. ఏండ్ల తరబడి సాగిన వారి సాహసములను అచ్చటివారు సంపుటములుగా కూర్చి చదువుకొందురు. మాకు అట్టి వీరుడు విక్రమార్కుడే: శ్మశానమున చెట్టునుండి బేతాళుడున్న శవమును దింపి మోయుచు, బేతాళుడు చెప్పిన కథకు బదులు పలికి మౌనము తప్పగనే అది మరల చెట్టెక్క, తిరిగి దానికై పోవు రాజు. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరకవి సోమదేవుడు కథాసరిత్సాగరమున చేర్చిన బేతాళకథలు ఇరువదియైదే. చందమామ ఆ శ్మశానమును, ఆ చెట్టును, ఆ శవమును అట్లే నిలుపుకొని, లోపలి కథను మాత్రము నెలనెలకు క్రొత్తగా నల్లుచు వందలకొలది కథలను నడపెను. కత్తి దూసి, శవమును భుజమున వైచుకొని నడచు ఆ రాజును శంకర్‌గారు దశాబ్దములపాటు గీచిరి.

నెలకొక్కటిగా చదువునప్పుడు రాజు మరల చెట్టుకడకు బోవుట వెనుకటి కథను జ్ఞప్తికి దెచ్చు మాటగా మాత్రమే తోచెడిది. కుట్టిన సంపుటములో వరుసగా పన్నెండు మారులు ఆయన ఓడి, పన్నెండు మారులు విసుగు లేక వెనుకకు మరలుట చూచినగాని, ఆయన వీరత్వము కత్తిలో గాక ఆ మరలుటయందే కలదని నాకు తెలియలేదు.

ఒక యేడు ఒక సంచిక మాకు చేరలేదు. పెదనాయనగారు దొనకొండలో ఎవరివద్దనో ఎరువు తెచ్చి, ఆ కథనంతయు తెల్లకాగితములపై నల్లసిరాతో ఎత్తి వ్రాసి, దాని స్థానమున కుట్టిరి. ప్రతి బేతాళకథకును మొదట వచ్చుచు అందరికిని కంఠస్థమైన ఆ వాక్యములను సైతము విడువక వ్రాసి, పైన బొమ్మకు చోటు విడిచిరి. ఆ చోటు నేటికిని తెల్లగనే యున్నది.