కార్ఖానా చప్పుడులో పుట్టిన పాట: హెవీ మెటల్ తొలినాళ్లు

పద్మానగర్ గల్లీల్లో సాంచాల చప్పుడు మధ్యే పెరిగిన మన పిల్లల్లో కొందరు ఇప్పుడు హెవీ మెటల్ వింటున్నారు. "ఇవేం దయ్యాల పాటలు?" అని ఇంట్లో పెద్దలు విసుక్కుంటున్నారు. ఈ సంగీతం ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే అది మనకు అంత పరాయిది కాదనిపిస్తుంది.

దాని పుట్టిల్లు ఇంగ్లండ్‌లోని కార్ఖానాల పట్టణం బర్మింగ్‌హామ్. అక్కడి ఆస్టన్ ప్రాంతపు కుర్రాళ్లు నలుగురు 1968లో ఒక బృందం కట్టారు. గిటార్ టోనీ అయోమీది, బేస్ గీజర్ బట్లర్‌ది, డ్రమ్స్ బిల్ వార్డ్‌వి. పాడేది ఓజీ ఆస్బోర్న్; అంతకుముందు ఆయన కబేళాలో కూడా పనిచేశాడు. తర్వాత ఒక భయానక సినిమా పేరు తీసుకుని 'బ్లాక్ సబాత్' అయ్యారు.

అయోమీకి 17 ఏళ్లప్పుడు, రేకుల కార్ఖానాలో పని మానేసే రోజునే, యంత్రంలో చేయి పడి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అవి తీగలు నొక్కే చేతి వేళ్లు. కాలిన చేత్తో రెండు వేళ్లతోనే వాయించిన జాంగో రైన్‌హార్ట్ రికార్డు విన్నాక ఆయనకు ధైర్యం వచ్చింది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు. సన్నని తీగలు వాడాడు. 1971 నాటికి తీగలను వదులు చేసి శ్రుతి తగ్గించాడు. ఆ బరువైన నాదానికి ఈ గాయం కూడా ఒక కారణం.

బ్లూస్, జిమీ హెండ్రిక్స్, క్రీమ్ వంటివారి రాక్ అప్పటికే దారి వేశాయి. 1970 ఫిబ్రవరి 13న వచ్చిన బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్ ఆ దారిని చీకటివైపు తిప్పింది. అందులోని మొదటి పాటలో వణుకు పుట్టించేది మన షడ్జమానికీ ప్రతిమధ్యమానికీ మధ్య ఉండే దూరమే. మన కల్యాణి రాగంలో మంగళకరంగా వినిపించే ఆ స్వరమే అక్కడ భయంగా వినిపిస్తుంది. ఆ పాట దయ్యాన్ని కొలిచేది కాదు, నల్లని ఆకారాన్ని చూసి హడలిపోయిన మనిషి గోడు. అదే ఏడాది వచ్చిన 'వార్ పిగ్స్' యుద్ధాలు చేయించే పెద్దలను నిలదీసింది.

మన పక్కనున్న ముంబైలోనూ 1984లో 'రాక్ మెషీన్' అనే రాక్ బృందం పుట్టింది. 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లోనే బ్లాక్ సబాత్ చివరి కచేరీ చేసింది. అదే నెల 22న ఓజీ కన్నుమూశాడు.

సాంచాల దగ్గర వేళ్లు నలిగినవారు, వినికిడి తగ్గినవారు మన ఇళ్లలోనూ ఉన్నారు. పిల్లవాడు ఆ పాట పెట్టినప్పుడు ఒకసారి పక్కన కూర్చుని విందాం. వాల్యూమ్ మాత్రం కాస్త తగ్గించమందాం.